కణుపుల మీద మాటలు

నిఖితకు కళ్ళు తిరిగి ఇంటికి వెళ్ళిపోయిన మధ్యాహ్నమే అసలు సంగతి బయటపడింది.

అప్పటికి పరాంకుశం ఆశ వదిలేసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకునే మనిషి. ల్యాబులో ఓ మూల రెండు బీరువాలు అడ్డం పెట్టించుకుని ఏళ్ళ తరబడి కుస్తీ పడితే ఆ పరికరం తయారైంది. చూడ్డానికి ఏమంత లేదు, రెండు గుడ్డ పట్టీలు. తలకు కట్టుకుంటే లోపలి రాగి బొత్తాలు చెవుల వెనక ఆనుతాయి. నీలం దారం కుట్టిన పట్టీ కట్టుకున్నవాళ్ళు ఒక మాటను మనసులో నిలుపుకుంటున్నప్పుడు మెదడులో పుట్టే లయ, ఎర్ర దారం పట్టీ కట్టుకున్నవాళ్ళ చెవి వెనక సన్నటి గిలిగింతగా తగులుతుంది. మాటలు దాటవు, ఆలోచనలు దాటవు. లయ ఒక్కటే దాటుతుంది. ఇద్దరు మనుషులు మంచాన్ని చెరో వైపు పట్టుకుని గుమ్మం దాటిస్తుంటే వాళ్ళకు తెలియకుండానే అడుగులు కలుస్తాయే, అలాగన్నమాట. దానికి 'ఊతం' అని పేరు పెట్టుకున్నాడు.

ఎర్ర పట్టీ అతని కూతురు అలివేలుది. తొమ్మిదో తరగతి చదువుతోంది. కథ చెబితే అందులో దొంగెవరో అందరికంటే ముందు పట్టేస్తుంది. కానీ మూడు అంకెలు చెబితే మూడోది వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. ఇక నీలం పట్టీ ఎవరికి కట్టాలన్నది అతనికీ, అతనికి తోడున్న షహనాజ్‌కీ అసలు ప్రశ్నగానే తోచలేదు. క్లాస్ ఫస్టు ఎవరని అడిగారు, నిఖిత అన్నారు, నిఖితని పిలిచారు. తీరా చూస్తే అలివేలు ఉన్నచోటే ఉంది, ఆ పిల్లకేమో కళ్ళు తిరిగాయి.

"నిఖిత బుర్ర మరీ స్పీడు సార్," అంది షహనాజ్. స్కూళ్ళు తిరిగి పిల్లల తెలివితేటలకు పరీక్షలు పెట్టడం ఆమె ఉద్యోగం. పరాంకుశం కంటే చాలా చిన్నది, అతనికంటే చాలా గట్టిగా నవ్వుతుంది. ఇవాళ ఆమె కూడా నవ్వలేదు. "ఆ అమ్మాయి మెట్లెక్కదు, గెంతేస్తుంది. వెనకాల వచ్చే మన పిల్ల ఏ మెట్టు మీద కాలు పెట్టాలి?"

"టీ తాగొద్దాం పదండి," అన్నాడు పరాంకుశం.

వాళ్ళు తిరిగొచ్చేసరికి బీరువాల వెనక నవ్వులు. నిఖిత వదిలేసి వెళ్ళిన నీలం పట్టీ నూకరాజు నుదుటికి ఎక్కింది. వాడు అలివేలు క్లాసువాడే. రేవు పక్కన పేటలో ఇల్లు. షహనాజ్ తన పరీక్షల కోసం వాడినీ రప్పించి బయట బెంచీ మీద కూర్చోమంది. కూర్చునే రకమైతేగా! పట్టీ కట్టుకుని సినిమా హీరోలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అలివేలు ఎర్ర పట్టీతోనే పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఒరేయ్, తియ్యరా! అది ఆట వస్తువు కాదు," అంది షహనాజ్.

"తీసేత్తానండీ మేడమ్. ముందో ఫోటో తియ్యండి, మా అమ్మకి సూపిత్తాను."

పరాంకుశం చూపు వాళ్ళ మీద లేదు. కంప్యూటర్ తెర మీద పడి అక్కడే ఆగిపోయింది. ఒక్కో పిల్ల మనసు తీరునూ ఆ తెర ఎనిమిది రేకుల పువ్వులా గీసి చూపిస్తుంది. దాన్ని వాళ్ళు ముగ్గు అనుకునేవారు. శ్రద్ధకో రేకు, మాటకో రేకు, ఆకారాలు పోల్చుకోవడానికో రేకు, అలా. అలివేలు ముగ్గులో, విన్నదాన్ని నిలిపి ఉంచుకునే రేకు ఎప్పుడు చూసినా వాడిపోయి వేలాడుతూ ఉండేది. ఇప్పుడది విచ్చుకుంటోంది.

"షహనాజ్ గారూ," అన్నాడు గొంతు తగ్గించి, పక్షి ఎగిరిపోతుందేమో అన్నట్టు. "ఆ పిల్లల్ని కదపకండి. ఏవైనా అంకెలు చెప్పండి."

షహనాజ్ కుర్చీ లాక్కుంది. "అలివేలూ, నేను చెప్పినవి వెనక నుంచి ముందుకు చెప్పు. ఏడు, రెండు, తొమ్మిది."

"తొమ్మిది, రెండు, ఏడు."

అలివేలు ఏనాడూ దాటని మెట్టు అది. పరాంకుశం టీ గ్లాసు చేతిలోనే ఉందని మరిచిపోయాడు.

"నాలుగు, ఒకటి, ఎనిమిది, ఆరు."

"ఆరు... ఎనిమిది, ఒకటి, నాలుగు." అలివేలు నవ్వడం మానేసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంకోటి చెప్పండి మేడమ్. ఇంకా పెద్దది."

షహనాజ్ ఇంకో అంకె పెంచింది, ఇంకోటి పెంచింది. అలివేలు చెబుతూనే ఉంది. చివరికి లేచి నిలబడి అరిచేసింది. "నాన్నా! అవి పోవట్లేదు నాన్నా! చెప్పినవి చెప్పినట్టు కూర్చునున్నాయి!"

నూకరాజు నడుం మీద చేతులు తీసేసి, "నేనేటీ సెయ్యలేదండి," అన్నాడు కంగారుగా.

ఆ మాటకి షహనాజ్ నవ్వు మొదలుపెట్టింది, ఆగలేదు. నవ్వుతూనే వాడి ముగ్గు తీసి అలివేలు ముగ్గు పక్కన పెట్టింది. పరాంకుశం ముందుకు వంగాడు. అలివేలు ముగ్గులో వాడిపోయిన రేకు నూకరాజు ముగ్గులో బారుగా సాగి ఉంది. ఏ వరస చెప్పినా వాడు చిలకలా అప్పజెప్పేస్తాడు. కానీ విన్నవాటిలో ఏది ముఖ్యం, ఏది ఎందుకు అని ఏరుకునే రేకు వాడిలో ముడుచుకుపోయింది. అలివేలులో అదే నిండుగా ఉంది.

"ఐక్యూ సగటు తీస్తే ఇద్దరిదీ ఒకే అంకె సార్, మామూలుగా వంద ఉండాల్సింది డెబ్బై ఆరు," అంది షహనాజ్, నవ్వు ఆపి. "ఆ అంకె చూసి ఇన్నాళ్ళూ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశాను. ఇద్దరికీ ఒకే వర్క్‌షీట్లు ఇచ్చాను."

"పట్టీలు మార్చి చూద్దాం," అన్నాడు పరాంకుశం.

మార్చారు. అలివేలుకు నీలం, నూకరాజుకు ఎరుపు. షహనాజ్ ఓ చిన్న కథ చెప్పి అందులో తప్పెవరిదని అడిగింది. ఇలాంటి ప్రశ్న వేస్తే నూకరాజు కథంతా మళ్ళీ మొదటి నుంచీ అప్పజెప్పేవాడు. ఈసారి కాసేపు చెవి వెనక గోక్కుని, "తాళం ఏసింది పెద్దోడు కదండి? అయితే తాళంచెవి సంగతి ఆడికే తెలవాల," అన్నాడు.

ఆ సాయంత్రం పరాంకుశం స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే ప్రతి సిగ్నలూ పచ్చగానే పడినట్టనిపించింది. వెనక కూర్చున్న అలివేలు దారిపొడుగునా లారీల నంబర్లు వెనక నుంచి చదవబోయి, పట్టీ లేక తప్పులు చదివి, తనలో తనే నవ్వుకుంది.

*

పరాంకుశానికి తొందర ఉంది. ఆ తొందరకు కారణం అలివేలు స్కూలు ప్రధానోపాధ్యాయురాలు రూతమ్మ.

ఆవిడ చెడ్డ మనిషేం కాదు. అలివేలును ఆరో తరగతి నుంచీ ఎరుగును, తల్లి పోయినప్పుడు వారం రోజులు తన టిఫిన్‌లోంచి తినిపించింది. కానీ స్కూలు యాజమాన్యానికి పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు కావాలి. గట్టెక్కరనిపించిన పిల్లల్ని తొమ్మిదిలోనే ఓపెన్ స్కూలుకు పంపేయమని వాళ్ళ మాట.

"ఆ ఐక్యూ అంకె ఇంకాస్త తక్కువగా ఉంటే వైకల్యం సర్టిఫికెట్ వచ్చేదండీ," అంది ఆవిడ పరాంకుశంతో. "ఎక్స్‌ట్రా టైమిచ్చేవాళ్ళు, పాస్ మార్కులు తగ్గించేవాళ్ళు. ఇంకాస్త ఎక్కువైతే బాధే లేదు. వీళ్ళు గీత మీద ఉన్న పిల్లలు. ఎవరి లెక్కలోకీ రారు. ఏడాది చివర నా గదిలో నేనే పరీక్ష పెడతాను. లెక్కలు, తెలుగు. నెగ్గితే ఎవరేమన్నా సరే పదిలో కూర్చోబెడతాను. అంతకుమించి నా చేతుల్లో లేదు."

"నూకరాజు కూడానా?"

"వాడికి ఓపెన్ స్కూలు కూడా ఉండదు. పడవెక్కించేస్తారు."

అందుకే పరాంకుశం పట్టీలు రెండింటినీ విప్పి మళ్ళీ కుట్టాడు. ఇప్పుడు నీలం, ఎరుపు అని తేడా లేదు. అటు లయ ఇటు, ఇటు లయ అటు వస్తాయి, పోతాయి. పిల్లలకు కట్టే ముందు తను ఒకటి, షహనాజ్ ఒకటి కట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆఖర్న షహనాజ్, "సార్, మీకు చాలాసేపటి నుంచి ఆకలేస్తోంది కదా?" అంది. "లేదే," అన్నాడు. "అయితే అది నాదే," అంది.

అనుమతి కోసం నూకరాజు తల్లి కాసులమ్మను పిలిపించారు. రేవులో చేపలు అమ్ముతుంది. ల్యాబు గుమ్మంలో చెప్పులు విప్పి, తెర మీద కొడుకు ముగ్గును చాలాసేపు చూసింది.

"ఇదంతా మావోడి బుర్రేనాండి?"

"అవునమ్మా."

"ఇది కట్టుకుంటే మావోడి బుర్రలోది ఈ పాప బుర్రలోకి ఎల్లిపోద్దాండి? ఉన్నదే అంతంతమాత్రం మేష్టారూ."

"పోదమ్మా," అన్నాడు పరాంకుశం. "దీపంతో దీపం వెలిగించినట్టు. ఇటుది ఇటే ఉంటుంది."

"పెద్ద తెడ్డు ఇద్దరు పట్టుకుని ఏత్తారే అమ్మా, అలాగ," అన్నాడు నూకరాజు. "ఆడు లాగినప్పుడు ఈడూ లాగాల. అంతే."

కాసులమ్మ కొడుకు నెత్తి మీద ఒక్కటిచ్చింది. "నువ్వు సెప్పింది నాకు తెలిసిందిరా. మేష్టారు సెప్పిందే తెలవలేదు." ఆ తర్వాత వేలిముద్ర వద్దని, పేరు కూడబలుక్కుని సంతకమే చేసింది.

*

అక్కడి నుంచి వేసవి దాకా రోజులు ఎలా గడిచాయో పరాంకుశానికి తెలియలేదు. కాలేజీ కాగానే పరుగున ల్యాబుకు వచ్చేవాడు. అప్పటికే ఇద్దరూ పట్టీలు కట్టుకుని, షహనాజ్ మీద పడి ప్రశ్నలడుగుతూ ఉండేవారు. ఒకడు గుర్తుపెట్టుకునేవాడు, ఒకతె దారి వెతికేది. కాసేపటికి ఎవరు ఏది చేస్తున్నారో చెప్పడం కుదిరేది కాదు. భిన్నాలు వచ్చేశాయి. శాతాలు వచ్చేశాయి. ఒకరోజు అలివేలు శతక పద్యం ఒకటి మొత్తం చూడకుండా అప్పజెప్పింది, ఇంకోరోజు నూకరాజు ఆ పద్యానికి అర్థం చెప్పాడు. షహనాజ్ ఆ రోజు అందరికీ కాజాలు తెప్పించింది.

"నాన్నా, లెక్క అంటే ఇదేనా? ఇన్నాళ్ళూ అందరికీ ఇలాగే ఉందా?" అని అడిగింది అలివేలు.

"ఎలాగ?"

"మధ్యలో మాయమైపోకుండా."

పరాంకుశం కాజా ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టాడు. ఆ ఒక్క మాట వినడానికి రంగనాయకి ఉంటే బాగుండుననిపించింది. రంగనాయకి అతని భార్య. పోయి మూడేళ్ళయింది.

కాసులమ్మ ఓ సాయంత్రం కొడుకును తీసుకెళ్ళడానికి వచ్చి, గుమ్మంలోనే మొదలుపెట్టింది. "మీరేటి మందేశారో గానీ మేష్టారూ, మావోడు ఇంటికాడ కూడా వేళ్ళు లెక్కెట్టుకుంటన్నాడండి. జపం సేసుకునే అయ్యగారిలాగ! ఇదుగో ఇలాగ. అన్నం ముందు కూకుని కూడా అదే పని. మా అత్త సన్నాసుల్లో కలిసిపోతాడేమోనని ఏడుత్తంది."

అందరూ నవ్వారు. పరాంకుశం కూడా నవ్వాడు. అతని చూపు మాత్రం తెర మీదే ఉంది. ఆ రోజు రెండు ముగ్గులూ ఇంచుమించు గుండ్రంగా ఉన్నాయి.

*

ఆ తర్వాతి ఆదివారం పెసరట్లు వేద్దామని పిండి రుబ్బాక చూసుకుంటే అల్లం లేదు, పచ్చిమిరపకాయలు లేవు.

"అలివేలూ, కొట్టుకెళ్ళి అల్లం, పచ్చిమిరపకాయలు, ఓ అగ్గిపెట్టె తీసుకురామ్మా."

ఇలా పంపడం వాళ్ళింట్లో ఎప్పటి నుంచో ఉన్నదే. దానికో పద్ధతి ఉంది. రంగనాయకి పెట్టిన పద్ధతి. అలివేలు చిన్నప్పుడు కూర్చోబెట్టుకుని చెయ్యి తెరిపించి, బొటనవేలితో చూపుడు వేలి మొదటి కణుపు నొక్కించేది. "అన్నిటికంటే ముఖ్యమైంది ఇక్కడ పెట్టు. దాని తర్వాతది కింది కణుపు మీద. ఆ తర్వాతది దాని కింద. నోట్లో అనుకుంటూ నొక్కుకో, ఎక్కడికీ పోదు." ఇంట్లో పెద్దవాళ్ళు వేళ్ళ కణుపుల మీద నామాలు లెక్కపెట్టుకునేవారు. రంగనాయకి వాటి మీద కందిపప్పును, ఉప్పును, స్కూల్లో చెప్పిన హోంవర్కును పెట్టింది. తల్లి పోయాక కూడా అలివేలు వీధిలో నడుస్తుంటే బొటనవేలు కణుపుల మీద తిరుగుతూనే ఉండేది. కొట్టతను ఆ చెయ్యి చూసి, మరచిపోయినవి గుర్తొచ్చేదాకా తొందరపెట్టకుండా నిలబడేవాడు. మంచి మనిషి.

అలివేలు చాలాసేపటికి తిరిగొచ్చింది. చేతుల్లో ఏమీ లేదు.

"ఏమైందమ్మా? కొట్టు మూసేశారా?"

"లేదు నాన్నా. తీసే ఉంది." పాప మొహం ఖాళీగా ఉంది. "ఏం తెమ్మన్నావు?"

"ఒక్కటీ గుర్తులేదా?"

"నూకరాజు లేడు కదా," అంది అలివేలు, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

పరాంకుశం ఆమె ఎడమచేతి వంక చూశాడు. వేళ్ళు కదలడం లేదు. పక్కన వేలాడుతున్నాయంతే. అవి కదలడం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో అతనికి తెలియదు.

మర్నాడు షహనాజ్ పట్టీలు కలపకుండా, విడిగా పరీక్ష పెట్టింది. తెర మీద అలివేలు ముగ్గు గీసుకుంటూ వచ్చింది. నిలిపి ఉంచుకునే రేకు మొదట్లో ఉన్నంత కూడా లేదు. అప్పట్లో వాడిపోయి వేలాడేది. ఇప్పుడు రాలిపోవడానికి సిద్ధంగా ఉంది.

"ఊతం ఉందని కాలు నడవడం మానేసింది సార్," అంది షహనాజ్ నెమ్మదిగా.

"ఆ కాలు వాళ్ళమ్మ నేర్పిన నడక," అన్నాడు పరాంకుశం.

షహనాజ్ కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంటూ కూర్చుంది. పరీక్ష దగ్గర పడింది. పట్టీలతో రాస్తే ఇద్దరూ గట్టెక్కుతారు. అందులో పరాంకుశానికీ షహనాజ్‌కీ అనుమానం లేదు. పట్టీలు తీసేస్తే అలివేలు మొదట్లో ఉన్నచోటికి కూడా చేరదు. కానీ కట్టే ఉంచితే, ఇంకో ఏడాదికి ఆ చేతిలో ఏం మిగులుతుంది? ఒకవేళ నూకరాజు ఊరు మారితే? వాడికి జ్వరమొస్తే?

"పరీక్ష దాకా ఉంచుదామా?" అని అడిగింది షహనాజ్. "తర్వాత తీసేద్దాం."

పరాంకుశానికి ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో అతనికే తెలుసు. "వద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం అలివేలు తన జీవితంలో మొదటిసారి తండ్రి మీద అరిచింది. "పట్టీ ఇవ్వు నాన్నా! నువ్వే కట్టావు, నువ్వే తీసేస్తే ఎలా? నేను మళ్ళీ మొద్దునవ్వాలా?"

"నువ్వు ఎప్పుడూ మొద్దువు కాదమ్మా."

"మరెందుకు చేశావు దాన్ని?"

పరాంకుశం దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసుకుని, బొటనవేలిని చూపుడు వేలి కణుపు మీద పెట్టబోయాడు. అలివేలు చెయ్యి వెనక్కి లాక్కుంది. "అది చిన్నపిల్లలది," అంది. "నాకు రావట్లేదు."

*

పరీక్ష రోజు పొద్దున్నే రూతమ్మ గది ముందు కాసులమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు బేరం మానేసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. షహనాజ్ వచ్చింది. పరాంకుశాన్ని రూతమ్మ లోపలికి రానిచ్చింది కానీ, "మూల కుర్చీలో కూర్చోండి. నోరు విప్పితే బయటికి పంపేస్తాను," అంది.

తర్వాత పిల్లలిద్దరి వంకా చూసింది. "మీ పట్టీల సంగతి నేను విన్నాను. జేబుల్లో ఏమైనా ఉంటే బల్ల మీద పెట్టండి."

"లేవండి," అన్నాడు నూకరాజు. "మేష్టారు లాక్కున్నారండి."

"సరే. పక్కపక్కన కూర్చుంటే కాపీ కొడతారు. నువ్వు ఆ గోడ దగ్గర, నువ్వు ఈ గోడ దగ్గర. ఎదురెదురుగా, ఒకరి కాగితం ఒకరికి కనపడకుండా."

కూర్చున్నారు. తెలుగు పేపరు ఎలాగో నడిచింది. లెక్కల దగ్గర రూతమ్మ పుస్తకం తెరిచింది. "నోటితో చెబుతాను, రెండుసార్లే. వినండి. ఒక హాస్టల్లో ముప్పై మందికి ఇరవై రోజులకు సరిపడా బియ్యం ఉన్నాయి. పది రోజులయ్యాక కొత్తగా ఇంకో ఇరవై మంది చేరారు. మిగిలిన బియ్యం అందరికీ ఎన్నాళ్ళు వస్తాయి?"

రెండోసారి కూడా చదివింది. పుస్తకం మూసేసింది.

అలివేలు పెన్ను పట్టుకుంది. పెదవులు కదిలాయి, ఆగాయి. పరాంకుశానికి ఆ మొహం తెలుసు. మొదటి అంకె అప్పుడే జారిపోయింది, దాని వెనకే రెండోది జారబోతోంది. లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

కూతుర్ని చూడలేక ఎదురుగోడ వైపు చూపు తిప్పాడు. అప్పుడు కనిపించింది.

నూకరాజు ఎడమచెయ్యి బల్ల మీద తెరిచి ఉంది. వాడి బొటనవేలు చూపుడు వేలి మొదటి కణుపు మీద ఆగి, నొక్కి, కింది కణుపుకు దిగింది. మళ్ళీ నొక్కి, ఇంకో కణుపుకు దిగింది. ఏది ముఖ్యమో అది ముందు. దాని తర్వాతది దాని కింద. కణుపు మారేటప్పుడు వేలిని కాస్త పక్కకు వాల్చి దింపడం, మూడోదాని దగ్గర ఓ క్షణం నిలవడం, అచ్చం అలాగే. ఆ చేత్తో ఎప్పుడూ వల సర్దే ఆ పిల్లాడు రంగనాయకిని చూడలేదు. వాళ్ళ ఇంటి గుమ్మం ఎక్కలేదు. అలివేలు వాడికి అది నేర్పలేదు, ఎవరూ నేర్పలేదు. రోజుల తరబడి చెవి వెనక సన్నగా తగిలిన లయ, వాడి వేలికి దిగి కూర్చుంది. జపం సేసుకునే అయ్యగారిలాగ! అందరూ నవ్విన రోజున తను చూడాల్సింది తెర కాదు, ఈ చెయ్యి.

పరాంకుశం నోరు తెరిచి, రూతమ్మ చూపు తగిలి మూసుకున్నాడు. షహనాజ్ అప్పటికే కిటికీ అవతల నుంచి చూసేసింది. రెండు చేతులతో నోరు మూసుకుని గంతులేస్తోంది.

అలివేలు తలెత్తింది. దిక్కు తోచనప్పుడు ఎవరైనా తలెత్తినట్టే ఎత్తింది. ఎదురుగా వాడి చెయ్యి. దాన్ని చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఎక్కడో విన్న గొంతును గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు తల పక్కకు వాల్చింది. ఆమె ఒళ్ళో ఊరికే పడి ఉన్న ఎడమచెయ్యి నెమ్మదిగా విచ్చుకుంది.

బొటనవేలు కదిలింది.

ఒకసారి తప్పిపోయింది. మళ్ళీ మొదటి కణుపు మీదికి వచ్చింది. పెదవులు కదిలాయి. 'ముప్పై మంది... ఇరవై రోజులు...' వేలు కిందికి దిగింది. 'పది రోజులు అయిపోయాయి...' ఇంకో కణుపు. వేలు ఆగింది, నొక్కింది, వదల్లేదు. అక్కడి నుంచి ఆమె వాడి వైపు చూడలేదు. పెన్ను కాగితం మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది.

నూకరాజు ఈలోపు రాసేసి పెన్ను కింద పెట్టేశాడు. రూతమ్మ దగ్గరికొచ్చి కాగితం చూసి, ఏమీ అనకుండా అలివేలు దగ్గరికి వెళ్ళి నిలబడింది. అలివేలు ఆవిడను పట్టించుకోలేదు. చివరి గీత గీసి, జవాబు కింద రెండుసార్లు గీసి, తలెత్తింది.

"ఆరు రోజులండి," అంది. "తర్వాత అందరూ ఇంటికెళ్ళిపోవాలి."

రూతమ్మ కళ్ళజోడు పైకి జరుపుకుంది. ఒకసారి ఆ పిల్ల చేతిని, ఒకసారి ఈ పిల్లాడి చేతిని చూసింది. ముప్పై ఏళ్ళుగా కాపీ కొట్టేవాళ్ళను పట్టుకున్న మనిషి. ఆవిడ కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోదు.

"మేడమ్," అన్నాడు పరాంకుశం, ఇక ఉండబట్టలేక లేచి నిలబడి. "అది..."

"కూర్చోండి సార్. నేను మిమ్మల్ని అడగలేదు." ఆవిడ ఇద్దరి కాగితాలూ తీసుకుని మడిచి, బల్ల సొరుగులో పెట్టింది. "ఎవరి చేతి వేళ్ళు వాళ్ళు కదుపుకోవచ్చు. ఏ పరీక్షలోనూ వద్దనలేదు. పదో తరగతిలో ఈ ఇద్దర్నీ ఎదురెదురు బెంచీల మీద కూర్చోబెడతాను. పబ్లిక్ పరీక్షలో మాత్రం నేను బెంచీలు వెయ్యలేను. ఈలోగా ఎదుటివాళ్ళ చెయ్యి చూడకుండా కదపడం నేర్చుకోండి."

బయట కాసులమ్మ సంతోషంతో పెట్టిన కేక వీధి చివరికి వినపడింది.

షహనాజ్ పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, పట్టీ మెట్టు మాత్రమే సార్! ఎక్కాక తీసేయాలి! ఎప్పుడు తీసేయాలో కనిపెడితే చాలు!" అని, మధ్యలో ఏడుపొచ్చి, ఆ ఏడుపులోనే నవ్వింది. మరుసటి బ్యాచ్ పిల్లల్ని ఎలా జతపరచాలో, ఎవరి చేతి అలవాట్లు ఎవరికి చేరతాయో, ఆమె నోటి నుంచి ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పరాంకుశం అన్నిటికీ ఊ కొట్టాడు. ఒక్కటీ వినలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో కొట్టు ముందు స్కూటర్ ఆపాడు. ఆ రోజు వేయకుండా మిగిలిపోయిన పెసరట్లు ఇవాళైనా వేయాలనుకున్నాడు. అలివేలు వెనక నుంచి దిగి, అతని ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా."

"ఏంటమ్మా?"

"నూకరాజుకి అమ్మ ఎప్పుడు నేర్పింది?"

పరాంకుశం హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెప్పడానికి చాలా ఉంది. రాగి బొత్తాలు, లయ, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఏదీ ఆమె అడిగినదానికి జవాబు కాదు.

"నీ దగ్గరుంది కదా," అన్నాడు. "నీ దగ్గర నుంచే వెళ్ళింది."

అలివేలు తన చెయ్యి చూసుకుంది. "నాకు పోయింది కదా, వాడి దగ్గర ఉంచిందన్నమాట," అంది. తర్వాత చెయ్యి చాపి, బొటనవేలిని మొదటి కణుపు మీద పెట్టుకుంది. "చెప్పు. ఏం తేవాలి?"

"అల్లం. పచ్చిమిరపకాయలు. అగ్గిపెట్టె."

మూడు కణుపులు నొక్కుకుంది. ఒక్క క్షణం ఆగి, పక్క వేలి మీద నాలుగో కణుపు కూడా నొక్కుకుని, కొట్టు వైపు నడిచింది.

"నాలుగోదేంటమ్మా?" అని వెనక నుంచి అరిచాడు పరాంకుశం.

"ఇంకో రెండు పావుల పెసలు నాన్నా!" అంది అలివేలు వెనక్కి తిరగకుండా. "నూకరాజు వాళ్ళని కూడా రమ్మన్నాను."